కరువులో పొరుగువాడు ఎవరు? ధాత కరువు, బకింగ్‌హాం కాలువ, ఒంగోలు అనుభవం (1876–78)

అరియాంకుప్పం పేరు మన సిలబస్‌లో దాదాపు ఒకే ఒక్కచోట వస్తుంది. అది అరికమేడు. 1945లో మోర్టిమర్ వీలర్ జరిపిన తవ్వకాలు, అక్కడ దొరికిన రోమన్ మట్టిపాత్రలు, ఆంఫొరా జాడీలు, పూసల తయారీ ఆనవాళ్లు. ప్రిలిమ్స్‌కు ఆ నాలుగు ముక్కలు చాలు. కానీ ఈ తీరానికి మెయిన్స్‌లో పనికొచ్చే ఇంకో చరిత్ర ఉంది. దాన్ని మన పుస్తకాలు రెండు మూడు వాక్యాల్లో తేల్చేస్తాయి.

పుదుచ్చేరి నుంచి తూర్పు తీర రోడ్డు మీద ఉత్తరంగా ముప్ఫై కిలోమీటర్లు దాటాక మరక్కాణం వస్తుంది. ఉప్పు మడులకు పేరున్న ఊరు. బకింగ్‌హాం కాలువ దక్షిణపు కొస అక్కడే. ఉత్తరపు కొస ఆంధ్రలోని పెదగంజాం దగ్గర ఉంది. మొత్తం పొడవు సుమారు 420 కిలోమీటర్లు. అందులో దాదాపు 257 ఆంధ్రప్రదేశ్‌లో, 163 తమిళనాడులో ఉన్నాయి. 2008లో ప్రకటించిన జాతీయ జలమార్గం-4 కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా వేసిన గీతలో ఈ కాలువ పెద్ద భాగం. జాగ్రఫీ నోట్స్‌లో ఇది ఒక జలమార్గం. చరిత్ర నోట్స్‌లో మాత్రం దీనిలో కొంత భాగం ఆకలితో ఉన్న మనుషులు తవ్విన కాలువ.

ఆ తవ్వకంలో ఒంగోలు దగ్గర మూడున్నర మైళ్ల ముక్క ఒక క్రైస్తవ మిషనరీ కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఆయన పేరు జాన్ ఎవరెట్ క్లౌ. పొరుగువాణ్ణి ప్రేమించాలన్న క్రైస్తవ బోధ కరువు కాలంలో ఆచరణగా మారితే ఎలా ఉంటుంది, దానికి ఎక్కడ ఇబ్బంది వస్తుంది అన్నది పరిశీలించడానికి తెలుగు నేలపై ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం. ఆధునిక చరిత్రకూ, ఎథిక్స్ పేపర్‌కూ రెండింటికీ పనికొస్తుంది కాబట్టి కొంచెం వివరంగా చూద్దాం.

ముందు 'పొరుగువాడు' అన్న మాట

లూకా సువార్త పదో అధ్యాయంలో మంచి సమరయుడి కథ ఉంది. ఒక ధర్మశాస్త్ర పండితుడు యేసును 'నా పొరుగువాడు ఎవరు' అని అడుగుతాడు. జవాబుగా యేసు ఒక కథ చెబుతాడు. దొంగల చేతిలో దెబ్బలు తిని దారిలో పడి ఉన్న మనిషిని యాజకుడూ, లేవీయుడూ చూసి పక్కనుంచి వెళ్లిపోతారు. యూదులు దూరం పెట్టే సమరయుడు ఆగి గాయాలు కట్టి, సత్రానికి చేర్చి, సత్రం యజమానికి రెండు దేనారాలు ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానని చెప్పి వెళ్తాడు.

ఈ కథలో పరీక్షార్థి గమనించాల్సినవి మూడు. సాయం అందుకున్నవాడి కులం, మతం అడగలేదు. సాయం మాటతో ఆగకుండా సత్రం ఖర్చు దాకా, అంటే చేతిలోంచి డబ్బు పోయేదాకా వెళ్లింది. సాయం చేసినవాడు ప్రతిఫలంగా ఏమీ కోరలేదు. చేర్చుకోవడం, పూర్తిగా భరించడం, బదులు అడగకపోవడం. ఈ మూడు కొలతలు గుర్తుపెట్టుకుని 1876 నాటి మద్రాసు ప్రెసిడెన్సీకి వెళ్దాం.

ధాత కరువు

1876లో వర్షాలు దెబ్బతిన్నాయి. మద్రాసు, బొంబాయి ప్రెసిడెన్సీలు, మైసూరు, హైదరాబాద్ ప్రాంతాలు కరువు బారిన పడ్డాయి. తెలుగు సంవత్సరాల లెక్కలో అది ధాత నామ సంవత్సరం. అందుకే మనవాళ్లు దాన్ని ధాత కరువు అన్నారు. తమిళులూ అదే సంవత్సరం పేరుతో 'తాదు వరుష పంజం' అంటారు. అంటే ఈ తీరం పొడవునా రెండు భాషల్లోనూ ఆ కరువుకు ఒకటే పేరు. బ్రిటిష్ పాలిత ప్రాంతాల్లోనే సుమారు 55 లక్షల మంది చనిపోయారన్నది సాధారణంగా చెప్పే అంచనా. అంతకంటే ఎక్కువ అని లెక్కగట్టిన వారూ ఉన్నారు. 1832–33 నాటి గుంటూరు కరువు, అంటే నందన కరువు, అప్పటికి ఇంకా పెద్దవాళ్ల జ్ఞాపకంలో ఉంది.

కరువు అందరికీ ఒకేలా రాదు. పల్లెల్లో మాదిగలు మోటకు కావలసిన తోలు బానలు, చెప్పులు తయారుచేసేవారు. బదులుగా పంట కళ్లంలో గింజల వాటా ఉండేది. పంట పోతే రైతుకు ముందుగా తగ్గే ఖర్చు ఆ వాటాయే. భూమి లేదు, నిల్వ లేదు, బజారులో కొనడానికి డబ్బు లేదు. మార్కెట్‌లో ధాన్యం ఉన్నా దాన్ని పొందే హక్కు వీరికి లేకుండా పోయింది. అమర్త్యసేన్ 1981లో 'పావర్టీ అండ్ ఫేమిన్స్' గ్రంథంలో చెప్పిన హక్కుల వైఫల్యం అన్న భావనకు ఇది అచ్చమైన ఉదాహరణ.

సర్కారు లెక్క

అప్పటి వైస్రాయి లిట్టన్. 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు జరిపి విక్టోరియాను భారత చక్రవర్తినిగా ప్రకటిస్తున్న సమయానికి దక్షిణాన కరువు ముదురుతోంది. ధాన్యం వ్యాపారంలో ప్రభుత్వం జోక్యం చేసుకోరాదన్నది లిట్టన్ విధానం. మద్రాసు గవర్నర్ డ్యూక్ ఆఫ్ బకింగ్‌హాం ప్రభుత్వం మొదట్లో సొంతంగా ధాన్యం కొనబోతే పైనుంచి మందలింపు వచ్చింది. ఖర్చు అదుపులో పెట్టడానికి రిచర్డ్ టెంపుల్‌ను కరువు ప్రతినిధిగా పంపారు.

టెంపుల్ నిర్ణయించిన కూలి చరిత్రలో 'టెంపుల్ వేజ్'గా నిలిచిపోయింది. రోజంతా మట్టి తవ్వే మగమనిషికి ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, దానితో పాటు ఒక అణా. ఇంటికి దగ్గరలో పని దొరక్కూడదు, నిజంగా ఆకలి ఉన్నవాడే దూరం నడిచి వస్తాడు అన్న 'దూర పరీక్ష' కూడా అమలైంది. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఈ కూలితో మనిషి బతకడని గట్టిగా వాదించాడు. ఆ వాదోపవాదాల తర్వాత కూలి కొంత పెరిగింది. ఈ గొడవంతటినీ విలియం డిగ్బీ 1878లో రెండు సంపుటాలుగా రాశాడు. ప్రభుత్వం ఏమీ చేయలేదనడం సరికాదు. లక్షలాది మందికి పని ఇచ్చింది. అయితే ఆ పని వెనక ఉన్న మొదటి అనుమానం 'వీడు నిజంగా ఆకలితో ఉన్నాడా, లేక మోసం చేస్తున్నాడా' అన్నదే.

ఇలాంటి పనుల్లో ఒకటి తీరం వెంబడి కాలువ. దీని చరిత్ర 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు దాకా తవ్విన కోక్రేన్ కాలువతో మొదలైంది. ముక్కలు ముక్కలుగా పెరుగుతూ వచ్చింది. కరువు పనుల కింద 1876–78లో పెద్ద ఎత్తున తవ్వకం సాగింది. 1878లో గవర్నర్ పేరే దానికి పెట్టారు.

కరువుకు ముందు ఒంగోలు

క్లౌ 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. మిషనరీ కావడానికి ముందు యువకుడిగా భూసర్వే పనిచేశాడు. ఈ విషయం తర్వాత అక్కరకు వచ్చింది. అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున 1865లో నెల్లూరు చేరి, 1866లో ఒంగోలుకు మారాడు. ఆ మిషన్‌కు అప్పటికి పెద్దగా ఫలితాలు లేవు. నెల్లూరులో ఏళ్ల తరబడి పనిచేసినా సంఘం చిన్నదిగానే ఉండడంతో మూసేయాలా అన్న చర్చ అమెరికాలో జరిగింది. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం మొదలైనప్పుడు సభ్యులు 8 మంది.

అక్కడి కథను మలుపు తిప్పిన వ్యక్తి క్లౌ కాదు. ఎర్రగుంట్ల పేరయ్య. మాదిగ కులస్థుడు, తోలు వ్యాపారం మీద ఊళ్లు తిరిగేవాడు, అంతకుముందే యోగ సాధన చేసే గురువుల దగ్గర కూర్చున్నవాడు. ఆయన తన బంధువర్గంలో, తను తిరిగే ఊళ్లలో కొత్త బోధను మోసుకెళ్లాడు. ఇది వ్యక్తుల మార్పుగా కాక ఒక సముదాయం కదలికగా సాగింది. సామాజిక చరిత్ర రాసేటప్పుడు ఈ తేడా చెప్పడం ముఖ్యం.

ఆ తొలి రోజుల్లోనే మన మొదటి కొలత, అంటే చేర్చుకోవడం, పరీక్షకు వచ్చింది. ఒంగోలు పట్నంలో అగ్రవర్ణాల వారు మిషన్ బడి పట్ల ఆసక్తి చూపుతున్న దశ అది. మాదిగలను చేర్చుకుంటే తాము రామన్నది వారి మాట. పై వర్గాలు ముందు వస్తే కింది వర్గాలు తర్వాత వస్తాయన్నది అప్పటి మిషనరీలలో చాలామంది నమ్మకం కూడా. క్లౌ దంపతులు మాదిగలను వదులుకోలేదు. పలుకుబడి ఉన్నవారు దూరమయ్యారు.

చేరినవారికీ ఇబ్బందులు తప్పలేదు. ఆదివారం వెట్టి చేయమన్నారు, జాతరల్లో డప్పు కొట్టమన్నారు, చచ్చిన పశువుల మాంసం మానేశారు. ఇవన్నీ ఊరి కట్టుబాట్లకు తగిలాయి. కరణాలు, రెడ్లు ఊరుకోలేదు. కొన్ని ఊళ్లలో బావులు, దారులు మూసేశారు. అయినా కరువు మొదలయ్యే నాటికి ఒంగోలు సంఘంలో దాదాపు మూడు వేల మంది ఉన్నారు. కరువు వచ్చాకే జనం చేరారన్న వాదనను తూకం వేసేటప్పుడు ఈ అంకె అవసరమవుతుంది.

మూడున్నర మైళ్లు

1877 మొదట్లో ఒంగోలు చుట్టుపక్కల పల్లెల జనం మిషన్ ఆవరణకు వచ్చి పడుతున్నారు. సర్కారు పనులు ఉన్నాయి కదా, అక్కడికి ఎందుకు వెళ్లలేదన్న ప్రశ్న సహజం. పనిచోట మేస్త్రీలు, గుమాస్తాలు అగ్రవర్ణాల వారు. అంటరానివారిగా చూసే మనుషులకు అక్కడ తిట్లు, దెబ్బలు, కూలిలో కోతలు ఎదురయ్యేవి. చట్టం ప్రకారం పని అందరికీ ఉంది. ఆ పని దాకా చేరే దారిలో కులం ఉంది.

క్లౌ అన్నం కేంద్రం తెరిచి ఊరుకోలేదు. ఇంజినీరును కలిసి కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకానికి కాంట్రాక్టు తీసుకున్నాడు. సర్వే తెలిసినవాడు కాబట్టి కొలతలు తనే చూసుకోగలిగాడు. రాజుపాలెం దగ్గర శిబిరం వేశారు. తాటాకు గుడిసెలు కట్టారు, తాగునీటికి బావులు తవ్వారు. సంఘంలోని తెలుగు బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. అంటే నిన్నటిదాకా ఏ కులం వాళ్లను తిట్టి పనిచేయించేవారో ఆ కులం వాళ్లే ఇప్పుడు పని లెక్క రాసి కూలి పంచేవారయ్యారు. ఒక్కో సమయంలో వేల మంది అక్కడ పనిచేశారు. క్రైస్తవులే రావాలన్న నియమం లేదు. చేరిన వారిలో చాలామంది కొత్తవాళ్లు. శిబిరంలో కలరా వచ్చి చనిపోయినవారూ ఉన్నారు. అయినా పని ఆగలేదు.

ఈ పద్ధతిని మన మూడు కొలతలతో చూడండి. చేర్చుకోవడం అంటే మాటల్లో ఆహ్వానం కాదని క్లౌకు అర్థమైంది. మేస్త్రీ ఎవరు అన్నదే ఆహ్వానం. రెండోది, దానం బదులు పని. తవ్విన మట్టికి కొలిచి ఇచ్చే డబ్బు తీసుకునేటప్పుడు మనిషి తల వంచుకోనక్కర్లేదు. సమరయుడు సత్రం యజమానికి ఇచ్చిన రెండు దేనారాల మాదిరిగానే ఇక్కడ ప్రేమ లెక్కల పుస్తకంలోకి, కూలి జాబితాలోకి దిగింది.

బాప్తిస్మాలు ఆగిన కాలం

మూడో కొలత అన్నింటికంటే కష్టమైనది. బదులు అడగకపోవడం.

కాలువ పని సమయంలో బోధకులు పగలంతా కూలీల మధ్యే ఉన్నారు. సాయంత్రాలు మాట్లాడుకోవడం జరిగింది. బాప్తిస్మం కోరేవారి సంఖ్య పెరిగింది. కానీ కరువు సాయం తన చేతుల మీదుగా సాగుతున్నంత కాలం క్లౌ బాప్తిస్మాలు ఇవ్వలేదు. ఏడాదికి పైగా ఇదే పరిస్థితి. మిషనరీ దృష్టిలో ఇది మామూలు నిర్ణయం కాదు. అతను ఏ పని కోసం సముద్రం దాటి వచ్చాడో ఆ పనినే ఆపేశాడు. కారణం తేలికే. తిండి పెట్టే చెయ్యీ, మతంలో చేర్చుకునే చెయ్యీ ఒకటే అయితే ఆకలిగా ఉన్న మనిషి చెప్పే 'అవును'కు విలువ తెలియదు. అది విశ్వాసమో, భయమో, మొహమాటమో చెప్పిన మనిషికే తెలియకపోవచ్చు.

1877లో డ్యూక్ ఆఫ్ బకింగ్‌హాం విజ్ఞప్తి మీద లండన్ లార్డ్ మేయర్ ఆధ్వర్యంలో మాన్షన్ హౌస్ నిధి మొదలైంది. ఆరు లక్షల పౌండ్లకు పైగా పోగైంది. విత్తనాలు, బట్టలు, ఇళ్ల మరమ్మతులు వంటి వాటికి ఆ డబ్బు ఖర్చయింది. ఒంగోలు ప్రాంతంలో దాని పంపిణీలోనూ క్లౌ పాలుపంచుకున్నాడు. కాబట్టి కాలువ తర్వాత కూడా ఆయన చేతిలో సాయం ఉంది, బాప్తిస్మాలు ఆగే ఉన్నాయి.

1878 మధ్యలో ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర జనం వేలల్లో చేరారు. క్లౌ తన ఆత్మకథలో రాసిన దాని ప్రకారం, ఇక ఇవ్వడానికి డబ్బు లేదు, ఇళ్లకు వెళ్లండని ఆయన చెప్పాడు. వారు తమ అరచేతుల్లోని బొబ్బలు చూపించి తాము పనిచేసుకు బతికినవాళ్లమనీ, డబ్బు కోసం రాలేదనీ, పంట మళ్లీ పోతే చచ్చినా క్రైస్తవులుగానే చస్తామనీ బదులిచ్చారు. జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆ రోజు నీళ్లలో దిగి బాప్తిస్మాలు ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరేసి వంతులు మార్చుకున్నారు. క్లౌ స్వయంగా ఒక్కరికీ ఇవ్వలేదు. ఆ ఏడాది ముగిసేసరికి మొత్తం 9,600 దాటింది.

విమర్శను ఎలా తూచాలి

'బువ్వ కోసం మతం' అన్న విమర్శ అప్పుడే ఉంది, మిషన్ వర్గాల్లోనే ఉంది. దీన్ని కొట్టిపారేయడం మంచి జవాబు కాదు. కరువులో సాయం చేసినవారి మీద జనానికి కృతజ్ఞత ఉండదని ఎవరూ అనలేరు. బాప్తిస్మాలు ఆపినా బోధకులే మేస్త్రీలుగా ఉన్నారు. సాయం ఎక్కడి నుంచి వస్తోందో అందరికీ తెలుసు. ఆ ప్రభావం పూర్తిగా తుడిచేయడం సాధ్యం కాదు.

రెండో వైపు చూస్తే, కరువుకు ముందే మూడు వేల మంది ఉన్నారు. సాయం ముగిశాకే పెద్ద సంఖ్యలో చేరారు. చేరాక కూడా ఊళ్లలో వేధింపులు ఆగలేదు. అంటే చేరడం వల్ల వారికి వెంటనే లాభం కంటే నష్టమే ఎక్కువ. ఈ కదలికను ఆకలి ఒక్కదానితో వివరించలేం. మేస్త్రీగా తన కులస్థుణ్ణి చూడడం, బడిలో పిల్లవాడు కూర్చోవడం, పేరుకు చివర గౌరవంగా 'గారు' వినడం, ఇవీ కారణాలే. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ మాదిగల జీవితం మీద 1899లో 'వైల్ సూయింగ్ శాండల్స్' రాసింది. ఆమె సోదరుడు వాల్టర్ రౌషెన్‌బుష్ అమెరికాలో 'సోషల్ గాస్పెల్' ఆలోచనకు ప్రధాన ప్రతినిధి. 1914లో వెలువడిన క్లౌ ఆత్మకథ పేరులోనే 'సోషల్ క్రిస్టియానిటీ' అన్న మాట ఉంది.

సేవను మతమార్పిడితో ముడిపెట్టకూడదని గాంధీజీ తర్వాతి కాలంలో 'హరిజన్' పత్రికలో పదేపదే వాదించారు. స్వతంత్ర భారతంలో 25వ అధికరణం మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు ప్రచార హక్కు అంటే మరొకరిని మార్చే హక్కు కాదని చెప్పింది. ఈ చర్చలకు వంద ఏళ్ల ముందే, చట్టం ఏదీ అడగకుండానే, ఒక వ్యక్తి తన అధికారానికి తనే హద్దు గీసుకోవడం ఒంగోలు ఉదాహరణలో విలువైన అంశం. ఆ హద్దు సరిపోయిందా అన్నది మీరు వాదించవచ్చు. హద్దు అవసరమని అతను గుర్తించాడన్నది మాత్రం చరిత్ర.

మరో రెండు ఉదాహరణలు

ఒక్క ఉదాహరణతో వ్యాసం నిలవదు. తెలంగాణ నుంచి రెండు కలపండి. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో మొదలైన కుష్ఠు ఆసుపత్రికి ప్రాణం పోసింది మెథడిస్టు మిషన్ డాక్టర్ ఇసాబెల్ కెర్. దానికి పెద్ద దాత హిందువైన రాజా నర్సాగౌడ్. ఇల్లు, ఊరు వెలివేసిన రోగిని చేర్చుకోవడంలో క్రైస్తవ వైద్యురాలూ హిందూ దాతా కలిశారు. పొరుగువాడు అన్న మాట ఇక్కడ రెండు వైపులా పనిచేసింది. రెండోది మెదక్. ఛార్లెస్ వాకర్ పోస్నెట్ కరువు రోజుల్లో జనానికి పని కల్పిస్తూ కట్టించిన కెథడ్రల్ 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. ఇక్కడ మీరు అడగగల ప్రశ్న ఒకటుంది. కాలువ తవ్వితే అది అందరిదీ. చర్చి కడితే అది ఒక సంఘానిది. కూలి ఒకటే అయినా మిగిలే ఆస్తి ఎవరిదన్న ప్రశ్నతో మీ విశ్లేషణ లోతు పెరుగుతుంది.

సేవ ఎక్కడ ఆగుతుంది, హక్కు ఎక్కడ మొదలవుతుంది

మూడున్నర మైళ్ల కాంట్రాక్టు కొన్ని వేల మందిని బతికించింది. 55 లక్షల మరణాలను ఆపలేదు. ఆపగలిగే శక్తి దానికి లేదు. ధాన్యం విధానం, కూలి రేటు, దూర పరీక్ష, ఇవన్నీ కలకత్తాలోనూ లండన్‌లోనూ తీసుకున్న నిర్ణయాలు. అందుకే దాతృత్వాన్ని పొగిడి అక్కడితో ఆగే వ్యాసానికి మార్కులు తక్కువ. 1878లో నియమించిన స్ట్రాచీ కమిషన్ 1880లో నివేదిక ఇచ్చింది. 1883లో ఫేమిన్ కోడ్ వచ్చింది. కరువులో ఆదుకోవడం ప్రభుత్వ బాధ్యత అని కాగితం మీదికి వచ్చింది అప్పుడే. పని అడగడం హక్కు కావడానికి 2005 నాటి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. ఏడాదికి వంద రోజుల పని, పని ఇవ్వకపోతే నిరుద్యోగ భృతి, సామాజిక తనిఖీ అన్న మూడు అంశాలను టెంపుల్ వేజ్ పక్కన పెట్టి చూస్తే దేశం ఎంత దూరం నడిచిందో తెలుస్తుంది.

అయితే హక్కు చట్టంలో ఉన్నా మేస్త్రీ ఎవరన్న ప్రశ్న పోలేదు. 2004 డిసెంబరు 26 సునామీ ఈ తీరాన్ని కొట్టింది. ఆ తర్వాత తమిళనాడు తీరంలో సాయం పంపిణీలో దళిత కుటుంబాలు వెనకబడ్డాయని, కొన్ని శిబిరాల్లో వారిని వేరుగా ఉంచారని పలు నివేదికలు నమోదు చేశాయి. పడవ పోయినవాడికి పరిహారం ఉంది. ఆ పడవ మీద, చేపల గంప మీద ఆధారపడ్డ కూలివాడు జాబితాలోకి రావడమే కష్టమైంది. 1877లో కళ్లంలో వాటా పోయిన మాదిగ కుటుంబం పరిస్థితికీ దీనికీ పోలిక వెంటనే కనిపిస్తుంది.

ఇది మనకెందుకు

మనలో కొందరు రేపు తహసీల్దార్లు అవుతారు, కొందరు కలెక్టర్లు అవుతారు. తుఫాను వస్తుంది. బియ్యం బస్తాలు, పరిహారం జాబితా, శిబిరం తాళాలు మన చేతికి వస్తాయి. మనది మతబోధ కాకపోవచ్చు. కానీ సాయంతో పాటు ఏదో ఒకటి అడిగే అవకాశం మన చేతిలోనూ ఉంటుంది. ఒక ఫొటో, ఒక ఓటు, ఒక జేజే, కాస్త వంగిన నడుం. ఒంగోలు నుంచి మనం తీసుకోవలసిన మూడు ప్రశ్నలు అప్పటికి సిద్ధంగా ఉండాలి. నా శిబిరం గుమ్మం దగ్గరే ఆగిపోయినవాడు ఎవరు? ఇస్తున్నది మనిషి నిలబడడానికి సరిపోతుందా? ఇచ్చిన దానికి బదులుగా నేను, నా సిబ్బంది ఏమైనా తీసుకుంటున్నామా?

జవాబు రాసేటప్పుడు

జీఎస్-1లో కరువు విధానం అడిగితే వరుస ఇలా పెట్టుకోండి: 1876–78 కరువు, టెంపుల్ వేజ్, కార్నిష్ అభ్యంతరం, మాన్షన్ హౌస్ నిధి, స్ట్రాచీ కమిషన్ 1880, ఫేమిన్ కోడ్ 1883. జీఎస్-4లో కరుణ, నిష్పాక్షికత, అధికార దుర్వినియోగం వంటి మాటలు వస్తే బాప్తిస్మాలు ఆపిన నిర్ణయాన్ని రెండు వాక్యాల్లో చెప్పండి. అది ప్రయోజనాల సంఘర్షణకు చక్కటి చారిత్రక ఉదాహరణ. ఎస్సే పేపర్‌లో సమరయుడి కథతో మొదలుపెట్టి కాలువతో నడిపి ఉపాధి హామీతో ముగించవచ్చు. ఏ మతాన్నీ పొగడకుండా, ఏ మతాన్నీ తగ్గించకుండా రాయడం మాత్రం మరవద్దు. ఎగ్జామినర్ ఎవరో మనకు తెలియదు. అంతకంటే ముఖ్యంగా, రేపు మన ముందు వరుసలో నిలబడేవారు ఎవరో కూడా మనకు తెలియదు.

సాధన ప్రశ్న: 'సాయం చేసేవాడి చేతిలో ఉన్న అధికారమే ఆ సాయానికి అసలు పరీక్ష.' 1876–78 కరువు కాలంలో ప్రభుత్వ, మిషనరీ చర్యల ఆధారంగా చర్చించండి. (250 పదాలు, 15 మార్కులు)

రాసి చూసుకోండి. ఏడెనిమిది నిమిషాల్లో పూర్తవ్వాలి. కూలి రేటు, 2,222, 1880, 1883 అన్న నాలుగు అంకెలైనా మీ జవాబులో ఉండేలా చూసుకోండి.